వెదురమ్ము: పొడవు వింటికి చేతితో బాణం చేసే పద్ధతి

కృష్ణగిరి జిల్లాలో ఊరి పొలిమేరల్లోనూ, చెరువుగట్ల మీదా, పాత గుళ్ళ వెనుకా నిలిచి ఉన్న వీరగల్లులను చూసినవారికి ఒక దృశ్యం సుపరిచితం. ఆలమందలను కాపాడబోయి నేలకొరిగిన వీరుడు ఎడమచేత విల్లు, కుడిచేత కత్తి పట్టి నిలిచి ఉంటాడు. కొన్ని రాళ్ళపై అతని ఒంటికి బాణాలు గుచ్చుకొని ఉంటాయి. తెలుగు, కన్నడ భాషల్లో వీరగల్లు అనీ, తమిళంలో నడుగల్ అనీ పిలిచే ఇటువంటి శిలలు కృష్ణగిరిలోని ప్రభుత్వ మ్యూజియంలో కూడా ఉన్నాయి. శిల్పి వింటి వంపును స్పష్టంగా చెక్కగలిగాడు గాని, బాణాన్ని మాత్రం ఒక సన్నని గీతగానే మిగిల్చాడు. ఆ గీత వెనుక ఉన్న పనితనం రాతిపైకి ఎక్కలేదు.

మట్టిలోనూ అది మిగలలేదు. బర్గూరు ప్రాంతంలోని మయిలాడుంపారై తవ్వకాల్లో దొరికిన నమూనాలను బట్టి ఈ జిల్లాలో ఇనుము వాడకం క్రీ.పూ. 2172 నాటికే ఉన్నదని తమిళనాడు ప్రభుత్వం 2022లో ప్రకటించింది. ఇనుము నాలుగు వేల ఏళ్ళు నిలుస్తుంది. వెదురు, ఈక, నారలు కొన్ని వానాకాలాలకే చివికిపోతాయి. అందుచేత పాత బాణాలలో మనకు దక్కేది ఎక్కువగా ములికి ఒక్కటే. తక్కినదంతా గ్రంథాలు చెప్పిన దానిని బట్టి, ఇంకా విల్లు పట్టే వారి చేతిపనిని బట్టి, ప్రయోగాన్ని బట్టి తెలుసుకోవలసిందే.

పొడవు విల్లు ఇంగ్లండుకే పరిమితమా?

పొడవు విల్లు అనగానే మధ్యయుగపు ఇంగ్లండు గుర్తుకు రావడం సహజం. 1415లో అజిన్‌కోర్ట్ యుద్ధంలో ఇంగ్లీషు విలుకాండ్రు సాధించిన విజయం ప్రసిద్ధం. 1545లో మునిగిపోయి 1982లో పైకి తీయబడిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకలో 137 విండ్లు, మూడు వేల అయిదు వందలకు పైగా బాణాలు లభించాయి. సముద్రగర్భపు బురద గాలిని సోకనీయకపోవడం వల్ల కొయ్య చెడలేదు. ఆ బాణాల్లో అధికభాగం పోప్లార్ కర్రతో చేసినవి. పొడవు సుమారు 30 అంగుళాలు. ఈకలను జిగురుతో అంటించి, పైన దారం చుట్టారు. నారి తగిలే గంటు చీలకుండా సన్నని కొమ్ముపలుకును అమర్చారు.

అయితే మనిషి నిలువు పొడవున్న విల్లు భారతదేశానికి అంతకంటే చాలా పాతది. అలెగ్జాండరు వెంట వచ్చిన నియార్కస్ రాతలను ఆధారం చేసుకొని గ్రీకు చరిత్రకారుడు ఏరియన్ భారతీయ కాల్బలాన్ని వర్ణించాడు. విల్లు దానిని ధరించినవాని ఎత్తే ఉంటుందనీ, దాని కొనను నేలకు ఆనించి, ఎడమపాదంతో అదిమి, నారిని బాగా వెనుకకు లాగుతారనీ, బాణం దాదాపు మూడు మూరలుంటుందనీ అతడు వ్రాశాడు.

కౌటిల్యుని అర్థశాస్త్రం ఆయుధాగారాన్ని గురించి చెబుతూ తాటికర్ర, వెదురు, కొయ్య, కొమ్ములతో విండ్లు చేయాలంటుంది. నారికి చాగ, జిల్లేడు, జనుము, వెదురు మొదలైన వాటి నారలనూ, జంతువుల నరాన్నీ పేర్కొంటుంది. ములికి ఇనుముదో, ఎముకదో, కొయ్యదో కావచ్చు. ఈ జాబితాలోని చాగ, జిల్లేడు, జనుము, తాడి మన మెట్టపొలాల గట్ల మీద నేటికీ కనిపించేవే.

అడవుల్లో ఈ విద్య నిన్నమొన్నటి వరకు నిత్యజీవితంలో భాగమై ఉండింది. నల్లమల చెంచుల విల్లంబులను గురించి మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో వెలువడిన తన చెంచుల గ్రంథంలో ప్రస్తావించాడు. గోదావరి మన్యంలోని కోయలు, కొండరెడ్లు కూడా వింటిని ఎరిగినవారే. బారామహల్ సీమలో మాత్రం తుపాకి ముందుగానే వచ్చింది. 1791లో కంపెనీ సేన కృష్ణగిరి కోట మీదికి వచ్చేనాటికి యుద్ధం తుపాకులది, ఫిరంగులది అయిపోయింది. విల్లు వీరగల్లుల మీదనే ఉండిపోయింది.

బాణం అంగాలు, వాటి పేర్లు

తెలుగులో బాణానికి అమ్ము, కోల, శరం, తూపు అనే పేర్లున్నాయి. సంస్కృతంలో శరమంటే రెల్లుజాతి గడ్డి కూడా. ఆ గడ్డి కాడతోనే తొలి బాణాలు చేయడం వల్ల ఒకే మాట రెంటికీ వాడుకైంది. ముందుండే మొన ములికి లేదా అలుగు. నడిమి కర్ర కోల. ఈకలు కట్టిన వెనుకభాగం పింజ, సంస్కృతంలో పుంఖం. ఒక బాణం తోకను మరొకటి తాకేటట్లు ఎడతెగకుండా వేయడం నుంచే 'పుంఖానుపుంఖాలుగా' అనే పలుకుబడి పుట్టింది. నేడు ఉత్తరాల గురించీ, వార్తల గురించీ వాడే ఈ మాట వింటి నుండి వచ్చినదని తలచేవారు తక్కువ.

ధనుర్వేద గ్రంథాలు బాణాలను మూడుగా విభజించాయి. ముందు లావుగా ఉన్నది స్త్రీ, వెనుక లావుగా ఉన్నది పురుషుడు, అంతటా సమానంగా ఉన్నది నపుంసకం. మొదటిది దూరం పోతుందనీ, రెండవది గట్టిగా నాటుతుందనీ, మూడవది గురి అభ్యాసానికి తగినదనీ అవి చెబుతాయి. కోల పొడవు పిడికిలి తక్కువ రెండు మూరలు, లావు చిటికెనవేలంత. లెక్క వేస్తే ఈ పొడవు సుమారు 80 సెంటీమీటర్లవుతుంది. మేరీ రోజ్ బాణాలకు ఇది దాదాపుగా సరిపోవడం గమనార్హం. మనిషి చేయి ఎంత చాగుతుందో అంతే బాణం కావాలి. ఆ కొలత దేశాన్ని బట్టి మారదు.

వెదురు ఎంపిక

మన ప్రాంతానికి తగిన వస్తువు వెదురే. రెండు రకాలు ముఖ్యమైనవి. ముళ్ళ వెదురు లావుగా పెరుగుతుంది, లోపల గుల్ల ఎక్కువ. సాధన వెదురు సన్నగా, గోడ మందంగా, కొన్నిచోట్ల లోపల గుల్ల లేకుండానే పెరుగుతుంది. మెట్టప్రాంతాల్లో పెరిగే రెండవదే బాణానికి మేలు.

వెదురు తన పూర్తి ఎత్తును ఒక్క పెరుగుదల కాలంలోనే అందుకొంటుంది. గట్టిపడటానికి మాత్రం మూడేళ్ళు కావాలి. ఏడాది బొంగు చూడటానికి నిటారుగా ఉన్నా ఆరిన తరువాత ముడుచుకొని వంకరపోతుంది. మూడు నాలుగేళ్ళు ముదిరిన దానినే కోయాలి. లేతది, అతి లావుది, అతి సన్ననిది, చెడ్డనేల పుట్టినది పనికిరాదని ధనుర్వేదం కూడా హెచ్చరించింది. వానలు వెనుకబట్టి చలి మొదలైన తరువాత కోసిన వెదురులో పిండిపదార్థం తక్కువగా ఉంటుంది. పుచ్చుపురుగు ఆశించేది ఆ పిండిపదార్థాన్నే. కోసిన బొంగును కొన్ని వారాలు నీటిలో నానవేసి, తరువాత నీడలో ఆరబెట్టడం పల్లెల్లో పందిళ్ళకు, నిచ్చెనలకు పాటించే పద్ధతే. బాణానికీ అదే వర్తిస్తుంది. ఎండలో ఆరబెడితే చీలుతుంది.

ఇక్కడ ఒక చట్టపరమైన జాగ్రత్త అవసరం. డెంకణికోట, అంచెట్టి వైపు అడవుల్లో పెద్దభాగం 2014లో ఉత్తర కావేరి వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటింపబడింది. అక్కడ అనుమతి లేకుండా వెదురు కోయడం నేరం. పొలంగట్టున, పెరటిలో పెంచిన వెదురు విషయం వేరు. 2017లో అటవీచట్టాన్ని సవరించి, అడవి వెలుపల పెరిగే వెదురును చెట్టు అనే నిర్వచనం నుండి తొలగించారు. కనుక రైతు వద్దనో, వెదురు అంగట్లోనో కొనుక్కోవడమే మేలు.

కోల తీయడం

కోలను రెండు విధాలుగా తీయవచ్చు. సన్నని సాధన వెదురును యథాతథంగా వాడటం ఒకటి. లావు బొంగును చీల్చి, 12 మిల్లీమీటర్ల చదరపు బద్దలుగా చేసి, చిత్రికపట్టి గుండ్రంగా తీయడం మరొకటి. మొదటి దానిలో కణుపులను బొంగుతో సమంగా ఆకురాయితో రాయాలి. మరీ లోతుగా రాస్తే అక్కడే విరుగుతుంది. రెండవ దానిలో నార పొడుగునా తెగకుండా చీల్చడం ముఖ్యం. రంపంతో కోస్తే నార అడ్డంగా తెగవచ్చు. కత్తితో చీలిస్తే వెదురు తన నార వెంబడే విడిపోతుంది.

పొడవు కొలవడానికి సులభమైన పద్ధతి ఉంది. ఒక పొడవాటి కర్ర కొనను రొమ్ము నడుమ ఆనించి, రెండు చేతులు ముందుకు చాపి, అరచేతుల మధ్య కర్రను పట్టుకోవాలి. వేళ్ళ కొన తాకిన చోటుకు మరో రెండంగుళాలు కలిపితే బాణం పొడవు. తక్కువ కావడం ప్రమాదం. పొట్టి బాణం పూర్తిగా లాగినప్పుడు ములికి వింటి వెనుకకు జారి, వదలగానే చేతిలో గుచ్చుకొంటుంది. ఎక్కువైతే బరువు పెరుగుతుందే తప్ప హాని లేదు.

వంకర తీయడానికి నిప్పు కావాలి. బొగ్గుల సెగపై వంకర ఉన్న చోటును తిప్పుతూ వేడిచేయాలి. చేయి కాలేంత వేడెక్కినా రంగు మాడకూడదు. వేడి మీదనే వంకరకు ఎదురుగా, కొద్దిగా ఎక్కువగా వంచి, చల్లారేదాకా పట్టుకోవాలి. కణుపుల మధ్య భాగాన్ని ముందు, కణుపులను తరువాత సరిచేయాలి. కంటికి సమంగా ఎత్తి, ఒక కొననుండి మరొక కొనకు చూస్తే వంకర తెలిసిపోతుంది. మొదటి వానకు కొంత వంకర తిరిగి వస్తుంది, మళ్ళీ సరిచేయక తప్పదు.

బిగువు లెక్క

చేతితో బాణాలు చేసేవారు ఎక్కువగా తడబడేది ఈ దశలోనే. నారిని వదలగానే బాణం నేరుగా కదలదు. వెనుక నుండి పడే తోపుకు అది పక్కకు వంగి, వింటికర్రను చుట్టుకొన్నట్లుగా దాటి, చేపలా అల్లల్లాడుతూ పోయి, క్రమంగా నిలకడ పొందుతుంది. 1930లలో అతివేగంగా తీసిన చలనచిత్రాలు దీనిని స్పష్టంగా చూపాయి. కోల మరీ బిగువైతే కుడిచేతివాటం వారి బాణం ఎడమకు పోతుంది. మరీ మెత్తనైతే కుడికి పోతుంది, బలమైన వింటిలో విరుగుతుంది కూడా.

బిగువు కొలవడానికి యంత్రం అక్కరలేదు. 66 సెంటీమీటర్ల ఎడంలో రెండు మేకులు కొట్టి, వాటి మీద కోలను ఉంచి, నడుమ సుమారు 900 గ్రాముల బరువు వేలాడదీయాలి. ఎన్ని మిల్లీమీటర్లు కిందికి వంగిందో చూసి, 660ని ఆ సంఖ్యతో భాగిస్తే వచ్చేది కోల తట్టుకొనే వింటి బలం, పౌండ్లలో. 22 మిల్లీమీటర్లు వంగితే 30 పౌండ్లు, 16.5 వంగితే 40, 13.2 వంగితే 50. ఇది సుమారు 28 అంగుళాల బాణానికి వర్తించే లెక్క. పొడవు పెరిగినకొద్దీ, ములికి బరువెక్కినకొద్దీ కోల మెత్తనిదైనట్లు ప్రవర్తిస్తుంది. ఇరవై కోలలు తీసి, ఈ విధంగా పరీక్షించి, ఒకే తీరువి ఆరు దొరికితే పని ఫలించినట్లే. తక్కినవాటిని మరికొంత చిత్రికపట్టి మెత్తన చేయవచ్చు. బిగువు పెంచే ఉపాయం మాత్రం లేదు.

గంటు, పింజ

నారి తగిలే గంటును కణుపుకు సరిగ్గా వెనుక కోయాలి. కణుపు వద్ద వెదురు నార అల్లుకొని ఉంటుంది, చీలిక అక్కడ ఆగుతుంది. లోతు సుమారు ఒక సెంటీమీటరు చాలు. గంటుకు కింద దారం గట్టిగా చుట్టి జిగురు పూయాలి. మామూలు కొయ్యతో చేసిన కోలైతే, నార గీతలకు అడ్డంగా గంటు కోయాలి. గీతల వెంబడి కోస్తే మొదటి వేటుకే రెండుగా చీలుతుంది. గంటులో నారి వదులుగానూ, బిగుతుగానూ ఉండరాదు. బాణాన్ని నారికి తగిలించి వేలాడదీస్తే నిలవాలి, వేలితో నారిని తట్టితే రాలాలి.

ఈకలుగా కోడి, టర్కీ, బాతుల రెక్కల చివరి పెద్ద ఈకలు పనికివస్తాయి. ఒక బాణానికి వాడే ఈకలన్నీ ఒకే పక్క రెక్కవి కావాలి. ఎడమ రెక్కవి, కుడి రెక్కవి కలిపితే ఒకదాని మలుపును మరొకటి అడ్డుకొంటుంది. ఈకను నడిమి కాడ వెంబడి చీల్చి, కాడను పలుచగా గీరి, పదినుండి పన్నెండు సెంటీమీటర్ల ముక్కగా కత్తిరించాలి. ధనుర్వేదం ఆరంగుళాల ఈకలు నాలుగు కట్టమంటుంది. నేటి వాడుకలో మూడే ఎక్కువ. ఒకటి గంటుకు అడ్డంగా, వింటికి దూరంగా నిలిచేటట్లు పెట్టి, తక్కిన రెండింటిని సమదూరంలో అమర్చాలి. పాత గ్రంథాలు గద్ద, నెమలి మొదలైన పక్షుల ఈకలను చెప్పినా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత అడవిపక్షుల జోలికి పోరాదు. పెరటి కోడి ఈక ఆ పనిని చక్కగా చేస్తుంది.

అంటించడానికి వడ్రంగులు వాడే వజ్రం, అంటే తోళ్ళు ఉడికించి తీసిన జిగురు, శ్రేష్ఠం. తేమకు అది కరుగుతుంది గనుక పైన పట్టుదారం చుట్టి, లక్క పూయాలి. పట్టుపురుగుల పెంపకానికి పేరుపొందిన హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో పట్టుదారానికి కొదువ లేదు. దారం ప్రతి చుట్టునూ ఈక పోగుల సందున సూదితో పోనిస్తే ఈక నలగదు. ముఖ్యంగా ఈక కాడ ముందుకొనను కత్తితో వాలుగా చెక్కి, దానిపై దారం చుట్టి తీరాలి. పొడవు వింటిలో బాణం పిడికిలి మీదుగా జారిపోతుంది. చుట్టని ఈక కాడ ఆ వేగంలో బొటనవేలి మొదలును కత్తిలా కోస్తుంది.

ములికి, బరువు

ములికిని కమ్మరి రెండు తీరుల చేస్తాడు. కోల కొనను లోపలికి తీసుకొనే గొట్టపు ములికి ఒకటి, తోక కోలలోకి దిగే ములికి మరొకటి. వెదురుకు తోక ములికి సులువు, బొంగు గుల్లలో దిగుతుంది. అయితే బయట దారం బిగించకపోతే గురికి తగలగానే కోల నోరు చీలుతుంది. అభ్యాసానికి వాడి అంచులు అక్కరలేదు, మొద్దుకొన చాలు.

కొయ్యవింటికి, వెదురువింటికి తేలిక బాణం శత్రువు. వింటిలోని శక్తిని బాణం తీసుకుపోవాలి. బాణం మరీ తేలికైతే ఆ శక్తి వింటిలోనే మిగిలి, వింటినే విరుస్తుంది. వింటి బలంలో ఒక్కొక్క పౌండుకు 0.65 గ్రాముల లెక్కన బాణం బరువుండటం క్షేమం. 40 పౌండ్ల వింటికి 26 గ్రాములు. తూకం సగానికి కొంచెం ముందుకు ఉండాలి. 75 సెంటీమీటర్ల బాణాన్ని వేలి మీద నిలిపితే, సగం కంటే ఏడెనిమిది సెంటీమీటర్లు ములికి వైపున తూగాలి.

వేసే ముందు ప్రతిసారీ

కర్ర బాణానికి ఒక నియమం తప్పనిసరి. ఎక్కుపెట్టే ముందు ప్రతిసారీ రెండు కొనలు పట్టుకొని, మెల్లగా వంచి, తిప్పుతూ చెవి దగ్గర పెట్టి వినాలి. చిటపట శబ్దం వచ్చినా, వేలికి సన్నని పగులు తగిలినా ఆ బాణాన్ని విరిచి పారవేయాలి. అతికించి వాడరాదు. పగిలిన కోల నారి తోపుకు వింటి దగ్గరే విరిగి, వెదురుపేడు ఎడమచేతిలోనికి దిగుతుంది. కొయ్య కోల విషయంలో పైభాగాన తెగిన నార కొనలు ములికి వైపు చూసేటట్లు పెట్టుకోవడం కూడా ఇందుకే. విరిగినా పేడు చేతికి దూరంగా పైకి లేస్తుంది. వెనుక మట్టికట్ట గాని, గడ్డిమోపుల గోడ గాని లేనిచోట, మనుషులు, పశువులు తిరిగే చోట బాణం వేయరాదు.

నేటి పోటీల్లో

2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన విజయవాడ క్రీడాకారిణి వెన్నం జ్యోతి సురేఖ వంటివారు వాడేవి కార్బన్ బాణాలు. ఒకే అచ్చులో పోసినట్లుండే ఆ బాణాలతో వెదురు పోటీపడజాలదు. అయినా వెదురు మైదానం విడిచిపోలేదు. మన దేశపు పోటీల్లో ఇండియన్ రౌండ్ అనే విభాగం ఉంది. దానిలో 30, 50 మీటర్ల దూరాలకు వెదురు విల్లుతో గురిచూస్తారు. విలువైన పరికరాలు కొనలేని పల్లెపిల్లలకు ఈ క్రీడలో తొలిమెట్టు అదే. అటువంటి పిల్లవాని చేతిలో ఒకే బిగువు, ఒకే బరువు గల ఆరు బాణాలుండటం, ఒక్కొక్కటి ఒక్కొక్క తీరుగా ఉన్న ఆరు బాణాలుండటం ఒకటి కాదు. మొదటి సందర్భంలో గురి తప్పితే తప్పు తనదని తెలుసుకొని దిద్దుకొంటాడు. రెండవ సందర్భంలో తప్పు ఎవరిదో ఎన్నటికీ తెలియదు.

వడ్రంగి చిత్రిక, కమ్మరి కొలిమి, మేదరి కత్తి, పట్టుదారం కలిస్తేనే బాణమవుతుంది. వీటిలో ఏ ఒక్కటీ హోసూరు, కృష్ణగిరి సీమకు కొత్త కాదు. వీరగల్లు మీద గీతగా మిగిలిన ఆ బాణాన్ని తిరిగి చేతిలోకి తెచ్చుకోవడానికి కావలసినదల్లా ముదిరిన ఒక వెదురుబొంగు, ఆరేదాకా కాచుకొనే ఓపిక.